ముందుమాట వద్దన్న పిల్ల

"నేనెప్పుడు మగోన్నైన, చెప్పుండ్రి?"

ప్రెస్సులో అడుగు పెట్టీ పెట్టకముందే పుష్పలత అడిగిన మొదటి మాట అది. కంప్యూటర్ ముందున్న అబ్బాయి కీబోర్డు మీద చేతులు అలాగే ఉంచి తలెత్తాడు. ఆమె ఒక చేతిలో నీళ్లు కారుతున్న గొడుగు, ఇంకో చేతిలో ప్రూఫు కాగితాలు. రెంటిలో ఏది తన నెత్తిన పడుతుందోనని చూస్తున్నట్టుంది అతని వాలకం.

"ఏమైంది మేడం?"

"ఈ మొదటి పేజీ చదువుండ్రి. గట్టిగ."

అతను గొంతు సవరించుకున్నాడు. "యువకవి పుష్పలత నాకు చిన్ననాటి నుంచి తెలుసు. ఆయన పద్యాలలో పల్లె కంటతడి పెడుతుంది. ఈ మధ్యనే ఓ ఇంటివాడైన ఈ కవికి ఆయన శ్రీమతి అందిస్తున్న సహకారం..." అక్కడికి వచ్చి ఆగిపోయాడు.

"ఆగకుండ్రి. నా శ్రీమతి ఏం సహకారం చేసిందో నాకు గూడ తెలవాలె గద."

అబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి. పుష్పలతకు కోపంలోనూ అది కనబడింది.

"పేరొక్కటి మార్చిన మేడం. కిందికి సూడలే."

"నేను రాసింది పద్యాలు గాదు, కథలు. నాకింక పెండ్లి గాలే. ఆమెవరో పద్మావతమ్మ గారంట, కింద పేరున్నది, నేనామెను జన్మల సూడలే. మరి చిన్నప్పటి నుంచి ఎట్ల తెలుసు?"

ఎట్లా తెలుసంటే, అది ఆ ప్రెస్సు ఆనవాయితీ. ఖమ్మంలో కవిత్వం రాసే ప్రతివాడూ పుస్తకం చేతబట్టుకుని పద్మావతమ్మ గారింటికి వెళ్లేవాడు. రిటైరైన తెలుగు లెక్చరరు ఆవిడ. ఎవరినీ కాదనలేని మెత్తని మనిషి. ముందుమాటలు రాసి రాసి చెయ్యి లాగేస్తుంటే, ఒకటి మంచిది చూసి కంప్యూటర్లో పెట్టించేసింది. "పేరు మార్చి వేసుకో నాయనా, అందరూ నా బిడ్డలే" అంది. ఆపరేటర్ రాజేష్ ఆ ప్రకారమే పందొమ్మిది పుస్తకాలకు పేరు మార్చి వేశాడు. ఇంతవరకు ఒక్కరూ వచ్చి అడగలేదు.

"ఒక్కరు గూడ అడుగలే మేడం" అని అదే మాట పైకి అన్నాడు.

"ఒక్కరు గూడ చదువలే, అందుకు. తీసెయ్యుండ్రి."

"తీసేసి మీకు సరిపోయేటట్టు వేరేది రాయిద్దాం..."

"వేరేది గూడ వద్దు."

"ముందుమాట లేకుండనా? పుస్తకం మొండిగ ఉండదా?"

"ఉండనియ్యుండ్రి. ఈ పిల్ల మంచిది, కథలు మంచిగ రాస్తదని ఇంకొకలు సర్టిఫికెట్ ఇస్తెనే చదివేటోళ్లు నాకొద్దు."

"మరి మొదటి పేజీల ఏం పెట్టాలె?"

"మొదటి కథ."

రాజేష్ ఒక్క క్షణం ఆమెను చూసి, మౌసు కదిలించి, ముందుమాటంతా ఒక్క దెబ్బతో మాయం చేశాడు. తర్వాత అతనన్న మాటకు పుష్పలత కోపం సగం దిగిపోయింది.

"గుట్ట చుట్టూ తిప్పే కథ ఉన్నది గద మేడం. టైపు కొడుతుంటె నవ్వాగలే. మా ఓనరు హరిలాల్ సారు అటునుంచి ఉరికొచ్చి, పెండ్లిపత్రిక కొట్టుకుంట గట్ల నవ్వుతున్నవేందిరా అని తిట్టిండు."

పుష్పలత గొడుగు ముడిచింది. తన కథకు బయటి మనిషి నవ్వడం ఆమె వినడం అదే మొదలు.

*

ఆ కథ వెనక ఒక గొడవ ఉంది.

పుష్పలతది పినపాక అవతల అడవి అంచున ఓ కోయ పల్లె. ఖమ్మంలో డీఎస్సీ కోచింగు తీసుకుంటూ, క్లాసులో సారు బోర్డు వైపు తిరిగినప్పుడల్లా నోట్సు వెనక పేజీల్లో కథలు రాసింది. పదకొండు అయ్యాయి. ఒక పెద్ద ప్రచురణ సంస్థకు పంపితే నెలకు జవాబొచ్చింది. పది కథలు చాలా బాగున్నాయట. పదకొండోదే చిక్కట.

ఆ పదకొండోది పుష్పలత తల్లి కొండమ్మ కథ. కొండమ్మ పద్దెనిమిదేళ్ల వయసులో ఫారెస్టు ఆఫీసరొకాయన పాత హద్దురాయి వెతకడానికి ఆ పల్లెకు వచ్చాడు. రాయి దొరికితే కొండమ్మ వాళ్ల చేను అడవిలో కలిసిపోతుంది. దారి చూపమని ఆయన ఆ పిల్లనే అడిగాడు. ఆ పిల్ల "పదండి సారూ" అని వినయంగా ముందు నడిచి, మిట్టమధ్యాహ్నం ఎండలో ఆయన్ను ఒకే గుట్ట చుట్టూ మూడుసార్లు తిప్పింది. మూడోసారికి ఆయన ఇప్పచెట్టు కింద కూలబడి "రాయి కనబడలేదు" అని రాసుకుని వెళ్లిపోయాడు. చేను మిగిలింది.

ప్రచురణ సంస్థ వారు రాశారు: "అడవి బిడ్డలు అమాయకులు కదా. ఈ కథలో అమ్మాయి మరీ గడుసుగా ఉంది, పాఠకులు నమ్మరు. ఆమె ఆఫీసరు కాళ్ల మీద పడి ఏడ్చినట్టూ, ఆయన మనసు కరిగి వెళ్లిపోయినట్టూ మార్చండి. లేదా ఆ కథ తీసేయండి. వెంటనే వేస్తాం."

పుష్పలత పోస్టుకార్డు మీద ఒకే వాక్యం రాసి పంపింది. "మా అమ్మ ఏడవలేదు." తర్వాత ట్యూషన్లు చెప్పి దాచుకున్నది పట్టుకుని హరిలాల్ ప్రెస్సుకు వచ్చి, పుస్తకం తానే వేసుకుంటానంది. పుస్తకం వస్తే ఆ కథతోనే రావాలి, రాసింది రాసినట్టు రావాలి. లేకపోతే అసలు రాకపోయినా ఫర్వాలేదనుకుంది. రాకపోతే ఎంత ఏడుస్తుందో ఆమెకు తెలుసు గానీ, అది ఎవరికీ చెప్పలేదు.

*

ముందుమాట తీసేసిన సంగతి పద్మావతమ్మ గారికి చెప్పక తప్పదు కదా. రాజేష్ భయపడుతూ ఫోన్ చేశాడు. పుష్పలత పక్కనే నిలబడి చెవి రిక్కించింది.

"వద్దందా? నా ముందుమాట వద్దందా?" అవతల పెద్ద నిట్టూర్పు. "హమ్మయ్య! ఇన్నాళ్లకు ఒక్కరు వద్దన్నారు నాయనా. ఆ పుస్తకం రాగానే నాకొకటి పంపించు, కొనుక్కుంటాను. నా ముందుమాట ఉన్నవి నేనెలాగూ చదవను. ఇదైనా చదువుతాను."

ఫోన్ పెట్టేశాక ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నవ్వు ఎవరికి ముందొచ్చిందో చెప్పలేం.

అప్పటి నుంచి ప్రూఫులు దిద్దడానికి పుష్పలత వారానికి మూడుసార్లు రావడం మొదలైంది. పదకొండు కథల పుస్తకానికి అన్నిసార్లు రావాలా అని హరిలాల్ ఒకసారి అడగబోయి, ఇద్దరి ముఖాలూ చూసి, తన లెడ్జరు తాను చూసుకున్నాడు. బయట కమాన్ బజారులో వాన. లోపల కరెంటు పోయినప్పుడల్లా యూపీఎస్ కుయ్యోమంటుంటే చాయ్ గ్లాసులు వచ్చేవి. అలాంటి ఓ చాయ్ మీదే పోస్టుకార్డు సంగతి ఆమె అతనికి చెప్పింది.

"ఏమండి ఆపరేటర్ గారూ, ఈ పేజీల రెండు లైన్లు ఎటు పోయినయ్?"

"వాన పడుతున్నది గద మేడం, తడుస్తయని లోపల పెట్టిన."

"నా లైన్లు తడిసినా సరే, బయట్నే ఉండాలె."

"మేడం మేడం అంటె నాకు నోరు నొప్పి పెడుతున్నది. పేరు పెట్టి పిలుద్దునా?"

"ముందు లైన్లు పెట్టుండ్రి. పేరు సంగతి తర్వాత."

మరుసటి రోజుకు లైన్లు వచ్చాయి. ఆ పై వారానికి 'పుష్పా' వచ్చింది. 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఆమె గమనించలేదు. గమనించలేదని తనకు తాను చెప్పుకుంది.

రాజేష్‌దీ కోయ ఇల్లే. ఇల్లందులో వాళ్ల నాన్న బొగ్గు బావిలో పని. హాస్టళ్లలో చదివి, డిగ్రీ మధ్యలో వదిలి, ఈ కుర్చీలో కూర్చున్నాడు. తనకు కోయ మాట సగమే వస్తుందని సిగ్గుపడతాడు. ఎవరైనా రాసింది చదువుతున్నప్పుడు మాత్రం సిగ్గు మరిచిపోతాడు. కథలో దుఃఖమొస్తే అక్కడే కళ్లలో నీళ్లు పెట్టుకుంటాడు. అలాంటి ముఖాన్ని చూస్తూ కూర్చోవడం పుష్పలతకు బాగుండేది.

అంతా బాగున్నప్పుడే కదా పేచీ రావాలి.

చివరి ప్రూఫు రోజు. ఆ ప్రెస్సులో రాసినవాళ్లు చివరి ప్రూఫు మీద సంతకం పెడితే తప్ప పుస్తకం మిషనెక్కదు. పుష్పలత పెన్ను మూత తీసింది.

"పుష్పా, ఒకటడుగుత. గుట్ట కథ మీ అమ్మకు చదివి వినిపించినవా?"

"అమ్మకు చదువు రాదు."

"చదువు రాకపోతే చెవులు లేవా?"

పెన్ను ఆగిపోయింది. "ఎందుకడుగుతున్నవ్?"

"ఊరికెనే. ఆమె కథ గద. ఫారెస్టోళ్ల సంగతి ఉన్నది. అచ్చయితె మళ్ల ఆపలేం. ఆమెకు తెలిస్తె..."

"అంటే? తీసెయ్యమంటున్నవా?"

"తీసెయ్యమనలే. వినిపియ్యమన్న."

"రెండు ఒక్కటే! ఆ పబ్లిషరోళ్లు గూడ గిట్లనే మెత్తగ మొదలుపెట్టిన్రు. నువ్వన్న అర్థం చేసుకున్నవనుకున్న. నువ్వు గూడ గంతేనా?"

"గంతేనా అంటే ఏందే? నేనేమన్న..."

"నాకు సంతకం వద్దు, పుస్తకం వద్దు!"

ప్రూఫులు బల్ల మీదే వదిలి, గొడుగు కూడా మరిచిపోయి, వానలోకి నడిచింది. ఆ సాయంత్రమే మణుగూరు బస్సెక్కి ఊరికి వెళ్లిపోయింది.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక గానీ అసలు కోపం ఎవరి మీదో తెలియలేదు. రాజేష్ తప్పేమీ అనలేదు. తానే ఇన్నాళ్లూ భయపడి అమ్మకు చెప్పలేదు. పెద్ద ప్రచురణ సంస్థతో కొట్లాడి కాపాడుకున్న కథ అది. అమ్మ ఒక్క మాట 'వద్దే' అంటే చాలు, తన చేత్తో తానే తీసేయాలి. అడక్కపోతే ఆ మాట వినక్కర్లేదు కదా! అంత గొప్ప ధైర్యం తనది. తల్చుకుంటే ఏడుపొచ్చింది.

*

పది రోజులు గడిచాయి. ఊళ్లో వరినాట్లు మంచి జోరుమీద ఉన్నాయి. ఆ రోజు మధ్యాహ్నం మోకాళ్ల దాకా బురదతో ఇంటికొస్తున్న పుష్పలత దడి దగ్గరే ఆగిపోయింది. లోపల అరుగు మీద తడిసి ముద్దయిన రాజేష్ కూర్చుని ఉన్నాడు. పాలిథిన్ కవరులో చుట్టిన కాగితాల కట్ట అతని ఒళ్లో ఉంది. అది మాత్రం తడవలేదు.

కొండమ్మ చెంబుతో నీళ్లిస్తూ అడుగుతోంది. "ఖమ్మం నుంచి ఈ వానల వచ్చినవా బిడ్డా?"

"అవ్ అత్తా. పుష్ప పుస్తకం మా ప్రెస్సులనే. ఆమె సంతకం కోసం వచ్చిన. నోట్సు మీద ఊరి పేరుంటె సూసుకొని వచ్చిన."

"ఏం రాసిందట?"

"కథలు."

"ఎవల కథలు?"

రాజేష్ నీళ్లు తాగడం మొదలుపెట్టాడు. చెంబు ఖాళీ అయినా దించలేదు.

"ఒకటి చదువు. వింట."

"నేను చదువొద్దు అత్తా. ఆమె చెప్పాలె."

"కాగితాలు నీ చేతులనే ఉన్నయి గద!"

"చేతుల ఉంటె నాయి అయితయా? అవి ఆమెవి. ఏది ఉంచుమంటె అది ఉంచుత, ఏది తీసెయ్యమంటె అది తీసేస్త. నేను ఒక మాట ఎక్కువ మాట్లాడిననని అలిగి వచ్చింది. ఆ మాట వాపస్ తీసుకుంటనని చెప్పనీకి గూడ వచ్చిన."

దడి అవతల పుష్పలత కళ్లు తుడుచుకుంది. చేతి బురద ముఖానికి అంటుకుంది. ఆ ముఖంతోనే లోపలికి వచ్చింది.

"వాపస్ తీసుకోకు. నువ్వడిగిందే కరెక్టు." అని, అతని ఒళ్లోంచి కట్ట తీసుకుని తల్లి ముందు కూర్చుంది. "అమ్మా, నీ కథ రాసిన. నిన్నడుగకుండ రాసిన. విను. నువ్వు వద్దంటె..."

కొండమ్మ కొంగు సర్దుకుని కూర్చుంది. "సదువు."

పుష్పలత చదవడం మొదలుపెట్టింది. తెలుగులో చదువుతూ, మధ్యమధ్య కోయలో చెబుతూ. రాజేష్ తనకు బట్టీ వచ్చిన కథే అయినా కొత్తగా వింటున్నట్టు వింటున్నాడు. ఎండలో ఆ పిల్ల "పదండి సారూ" అంది. మొదటి చుట్టు. రెండో చుట్టు. ఆఫీసరు టోపీ తీసి విసురుకున్నాడు. మూడో చుట్టు. ఇప్పచెట్టు. కథ అయిపోయింది.

కొండమ్మ పొయ్యి వైపు చూసింది. చేను వైపు చూసింది.

"తప్పు రాసినవే" అంది కొండమ్మ.

అయిపోయిందనుకుంది పుష్పలత. కాగితాలు వేళ్లలోంచి జారాయి.

"మూడుసార్లేంది? నాలుగుసార్లు తిప్పిన ఆన్ని!"

ముందు పుష్పలతకు అర్థం కాలేదు. అర్థమయ్యాక గుండె మీంచి బండ దొర్లిపోయినట్టయింది. నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఏది ఆపాలో తెలియక రెంటినీ వదిలేసింది.

"భయమైతలేదా అమ్మా? ఫారెస్టోళ్లు సదివితె?"

"ఎదురుంగ ఉన్ననాడే భయపడలే. ఇగ కాగితంల ఉన్నోనికి భయపడుదునా? నాలుగని రాయి."

"నాలుగంటె ఎవ్వరు నమ్మరు. మూడు ఉంటేనే కథ బాగుంటది."

"తిరిగింది నేనా, నువ్వా?"

"తిరిగింది నువ్వే. రాసింది నేను. మూడే."

"ఏం పిల్లవే!" కొండమ్మ రాజేష్ వైపు తిరిగింది. "నువ్వు చెప్పు బిడ్డా. మూడా, నాలుగా?"

రాజేష్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. పాపం, రాబోయే పరిస్థితి అప్పుడే అర్థమైనట్టుంది. "టైపు కొట్టేటోన్ని అత్తా. రాసినామె ఎన్నంటె అన్ని."

కొండమ్మ అతన్ని కాసేపు పరీక్షగా చూసింది. "గుమ్మం తొక్కినకాడి నుంచి అత్తా అత్తా అంటున్నవ్. మీది ఎన్నో గట్టు బిడ్డా?"

ఆ మాట కోయ ఇళ్లలో ఊరికే అడిగేది కాదు. గట్టంటే గోత్రం లాంటిది. ఒకే గట్టు వాళ్లయితే అన్నాచెల్లెళ్లు, పెళ్లి మాటే రాదు. రాజేష్ చెవులు మళ్లీ ఎర్రబడ్డాయి. వేళ్లు చూసుకుంటూ, "ఐదో గట్టు" అన్నాడు. అదొక్కటి మాత్రం వాళ్ల నాన్న చిన్నప్పుడే బట్టీ పట్టించాడు.

కొండమ్మ మనసులోనే లెక్క వేసుకుంది. పెదవుల మీదికి మెల్లగా నవ్వొచ్చింది. "అయితె అత్తనే అయిత" అని లేచి, అన్నం వండడానికి లోపలికి వెళ్లింది.

*

తిండి తిన్నాక అతన్ని బస్సు దాకా దిగబెట్టడానికి పుష్పలత వెళ్లింది. వాన సన్నబడింది. ఇంట్లో ఉన్న ఒక్క గొడుగే ఇద్దరికీ. అయినా మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంచి నడిచారు, ఇద్దరి బయటి భుజాలూ తడుస్తూనే ఉన్నాయి.

రోడ్డు దగ్గర కల్వర్టు మీద ప్రూఫులు పెట్టి, ప్రతి కాగితం మీద సంతకం చేసింది. చివరి దాని మీద "నేను రాసింది రాసినట్టే వేయండి" అని రాసి, పెన్ను మూత పెట్టింది. నెలల తర్వాత మొదటిసారి తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

"వచ్చే ఆదివారం మా అమ్మను తోలుకొస్త" అన్నాడు రాజేష్, కాగితాలు కవరులో పెడుతూ.

"ఎందుకు?"

"అడుగనీకి."

"ఎవరిని?"

"మీ అమ్మను."

"మరి నన్ను?"

రాజేష్ తెల్లబోయాడు. "నిన్ను... నిన్నడుగాలంటె భయమైతున్నది పుష్పా. నీకు నచ్చకపోతె ఒక్క లైన్ల పోస్టుకార్డు రాస్తవ్."

"అడిగి సూడు."

మలుపులో బస్సు హారన్ వినబడింది. అతను గబగబా అన్నాడు. "నువ్వంటె నాకు పానం. నీ కథలంటె గూడ. పెండ్లి చేసుకుందామా? పుస్తకం మీద నీ పేరు నీదే ఉంటది. ఏం రాసినా నన్నడుగొద్దు. నాకు నచ్చకపోతె నచ్చలేదని చెప్పుత, గని ఒక్క అక్షరం ముట్టుకోను."

పుష్పలత ఇంత పొడుగు మాట అతని నోట ఎప్పుడూ వినలేదు. "నాకు గూడ నువ్వంటె పానమే" అంది. "మీ అమ్మను తోలుకరా. మంచిగ చీకటి పడకముందే రాండ్రి, తొవ్వ బాగుండదు."

బస్సు ఆగింది. రాజేష్ ఎక్కాడు, దిగాడు, గొడుగు ఆమె చేతికిచ్చి మళ్లీ ఎక్కాడు. కండక్టరు ఏదో అన్నాడు. బస్సు కనబడనంత దూరం వెళ్లేదాకా ఆమె అక్కడే నిలబడింది.

ఇంటికి వచ్చేసరికి వాకిట్లో పక్కింటి భీమక్క, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. కొండమ్మ మధ్యలో నిలబడి, ఆఫీసరు టోపీ తీసి విసురుకోవడం చేతులతో చేసి చూపిస్తోంది. ఆడవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. కొండమ్మ చెప్పేదాంట్లో గుట్ట చుట్టూ ఇప్పుడు ఐదో చుట్టు నడుస్తోంది.

పుష్పలత దిద్దలేదు. కాళ్లు కడుక్కుని వచ్చి, వాళ్ల పక్కనే కూర్చుని వినసాగింది.